ఎవరింటికి వెళ్ళావు?

ఈ ఆదివారం మన ఎస్సే ప్రాక్టీసుకు ఇచ్చిన అంశం "ఆదివాసీ ప్రాంతాల పర్యాటకం: మేలా, కీడా". వచ్చిన వ్యాసాలన్నీ చదివాను. కొందరి భాష బాగుంది, కొందరి దగ్గర సమాచారం గట్టిగా ఉంది. కానీ దాదాపు అందరూ ఒకే రేవులో తేలారు. మొదటి సగంలో ఉపాధి, హస్తకళలకు మార్కెట్, సాంస్కృతిక వినిమయం. రెండో సగంలో సంస్కృతి సరుకైపోవడం, ప్లాస్టిక్ చెత్త. చివరి పేరాలో 'బాధ్యతాయుత పర్యాటకం' అనే సర్వరోగ నివారిణి. ఆ బాధ్యత ఎవరిది, ఎవరికి జవాబు చెప్పాలి అన్నది మాత్రం ఎవరూ రాయలేదు.

దీనికి మార్కులు పడవని నేను అనను, పడొచ్చు. అయినా నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే రెండేళ్ళ కిందట నేనూ అచ్చం ఇదే రాశాను. పైగా డీఏఎఫ్‌లో హాబీల గడిలో "ఆదివాసీ గ్రామాల సందర్శన" అని గర్వంగా నింపాను. అందుకని ఈ వారం మోడల్ ఆన్సర్ లేదు. ఒక పక్షం తీసుకుని వాదిస్తున్నాను, తప్పనిపిస్తే తిట్టండి. నా పక్షం ఇది: మనలాంటి వాళ్ళం పూటకో రోజుకో జీపు కట్టించుకుని ఆదివాసీ ఊరు 'చూడ్డానికి' వెళ్ళడం దండగ. వాళ్ళకీ దండగే, మనకీ దండగే.

ముందు కాస్త దూరంనుంచి వస్తాను. మా పిన్ని కొడుకు న్యూజెర్సీలో ఉంటాడు. పిన్నీ బాబాయీ వెళ్ళినప్పుడు నయాగరా, హెర్షీ చాక్లెట్ ఫ్యాక్టరీ, దారిలో లాంకాస్టర్ కౌంటీలో అమిష్ పల్లెలు, ఇలా అందరూ తిరిగే వరసలోనే తిరిగారు. ఫోన్లో ఫొటోలు వచ్చాయి. గుర్రపు బగ్గీలు, మొక్కజొన్న చేలు, తీగ మీద ఆరేసిన నల్ల బట్టలు. మనుషుల ముఖం ఒక్కటీ లేదు, అన్నీ వీపులే. "ముఖం తియ్యనివ్వరంటమ్మా, వాళ్ళ మతంలో తప్పంట" అంది పిన్ని, కాస్త నిష్ఠూరంగా, టికెట్టు కొన్న సినిమాలో హీరో కనబడనట్టు.

తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. అమిష్‌లు ఐరోపాలో మత హింస తప్పించుకుని 18వ శతాబ్దంలో పెన్సిల్వేనియా చేరిన క్రైస్తవ శాఖ. ఇప్పుడు ఉత్తర అమెరికాలో సుమారు 4 లక్షలమంది ఉంటారు. ఇంటికి కరెంటు లైను తీసుకోరు, కారు కొనుక్కోరు, పిల్లల్ని 8వ తరగతితో బడి మాన్పిస్తారు. ఆ బడి విషయంలో విస్కాన్సిన్ రాష్ట్రం కేసు పెడితే 1972లో అమెరికా సుప్రీంకోర్టు యోడర్ తీర్పులో వాళ్ళ పక్షమే నిలిచింది. ఈ తీర్పు మన జీఎస్ 2లో మత స్వేచ్ఛ ప్రశ్నకు పనికొస్తుంది, రాసుకోండి. లాంకాస్టర్‌లో వాళ్ళ పేరు చెప్పి నడిచే హోటళ్ళు, బగ్గీ సవారీలు అనేకం బయటివాళ్ళవే. అయినా పొలం వాళ్ళది, ఇల్లు వాళ్ళది. రోడ్డు పక్కన దుకాణం పెట్టి దుప్పట్లో, జాము సీసాలో అమ్మితే ధర వాళ్ళు చెప్పిందే. ఆదివారం అమ్మకాలు లేవని బోర్డు పెడితే లేవంతే. ఫొటో వద్దంటే, మా పిన్నిలాంటి గట్టి మనిషి కూడా ఫోను దించాల్సిందే.

అంటే అక్కడ ఇంటివాడి చేతిలో తలుపు ఉంది. కావాలంటే తీస్తాడు, వద్దంటే వేస్తాడు. ఆ తలుపు ఉన్నంతవరకు లాంకాస్టర్ వెళ్ళడం మంచా చెడా అన్నది వెళ్ళేవాళ్ళ అభిరుచికి సంబంధించిన విషయం. నాకైతే ఆ డబ్బుతో పుస్తకాలు కొనుక్కోవడమే ఇష్టం, అది వేరే సంగతి.

ఇక మా ఊరికి వస్తాను. మాది బిలాస్‌పూర్. మా తాత బొబ్బిలి దగ్గర పల్లెనుంచి బీఎన్నార్ కాలంలో ఖలాసీగా వచ్చాడు. 1931లో విజయనగరం, రాయ్‌పూర్ మధ్య లైను కలిశాక ఉత్తరాంధ్ర కూలీలకు ఈ దేశం దగ్గరైంది. ఈనాటికీ రైల్వే కాలనీలో నిలబడి తెలుగులో కేకేస్తే ఏదో ఒక కిటికీలోంచి జవాబొస్తుంది. మా నాన్న కట్నీ లైనులో, ఖోంగ్‌సరా, భన్వార్‌టోంక్ సెక్షన్‌లో ట్రాక్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆ లైనుకు పడమర పక్క కొండలన్నీ అచానక్‌మార్ అడవి. 1975లో అభయారణ్యం, 2009లో టైగర్ రిజర్వు. గోండులు, బైగాలు ఉండే చోటు. బైగాలు పీవీటీజీ, అంటే ప్రత్యేక దుర్బల గిరిజన సమూహాల జాబితాలో ఉన్నవాళ్ళు. దేశం మొత్తంమీద అలాంటివి 75. ప్రిలిమ్స్‌కు ఈ సంఖ్య అందరికీ వచ్చు.

రెండేళ్ళ కిందట చలికాలం. మేం నలుగురం, అందరం ప్రిపరేషన్‌లో ఉన్నవాళ్ళమే, బొలెరో అద్దెకు తీసుకుని బయల్దేరాం. డ్రైవరు ఒక బైగా పారా దగ్గర ఆపాడు. మట్టి గోడలకు తెల్ల మట్టి పూత, ముంగిట్లో ఆరబోసిన అరికలు, ఒక ముసలావిడ. నుదుటి మీద, చేతుల మీద, కాళ్ళ మీద పచ్చబొట్లు. మావాడొకడు "గోద్‌నా, గోద్‌నా" అని సంబరపడ్డాడు, ఆర్ట్ అండ్ కల్చర్ నోట్సులో చదివాడు మరి. నేను ఫొటో తీశాను. ఆవిడ అటు తిరగలేదు, ఇటు నవ్వలేదు. చాటలో చెయ్యి ఆపి మేం వెళ్ళేదాకా అలాగే కూర్చుంది. డ్రైవరు ఇమ్మంటే యాభై రూపాయలిచ్చాం. పావుగంట. తర్వాత ఆ ఫొటో నాలుగు మంచి మాటలతో పెట్టాను, చాలామంది మెచ్చుకున్నారు.

ఇంటికొచ్చి నాన్నకు చూపించాను. ఆయన ఫోను దగ్గరగా పెట్టుకుని చూసి, "ఎవులింటికెల్లావురా?" అన్నాడు. బైగాల ఊరికి అన్నాను. "ఊరు సరే, ఎవులింటికి?" నా దగ్గర జవాబు లేదు. ఆ సెక్షన్‌లో ఆయనతో గమేళాలు మోసిన మనుషుల పేర్లు, వాళ్ళ పిల్లల పేర్లు, ఎవరి ఇప్పచెట్టు ఎక్కడుందో కూడా ఆయన చెప్పగలడు. ముప్పై ఏళ్ళు అక్కడ తిరిగాడు గానీ 'సందర్శించాను' అని ఎప్పుడూ అనలేదు.

ఆ వేసవిలో ఫొటో ప్రింటు వేయించి మళ్ళీ వెళ్ళాను. తప్పు దిద్దుకుంటున్నానన్న ఊహ. ఆవిడ అడవికి పోయింది, తునికాకు రోజులు. కోడలు ప్రింటు తీసుకుని తిప్పి తిప్పి చూసి ఛత్తీస్‌గఢీలో అడిగింది: "ఇది ఇంకా ఎవరెవరికి ఇచ్చావు?" ఎంతమందికి ఇచ్చానో నాకే తెలియదు.

ఇప్పుడు మీరందరూ రాసిన మొదటి వాదన తీసుకుందాం: పర్యాటకం ఉపాధి ఇస్తుంది. ఇస్తుంది, ఎవరికి? ఆ రోజు మేం ఖర్చుపెట్టిన డబ్బులో బండి అద్దె, డీజిలు, దాబా భోజనం బిలాస్‌పూర్, కోటాలలోనే మిగిలాయి. ఊరికి చేరింది యాభై. ఇంతకంటే పెద్ద లెక్క ఒకటుంది. 2009లో టైగర్ రిజర్వు ప్రకటించాక లోపలి గ్రామాల్లో ఆరింటిని బయటికి తరలించారు. కోర్ ప్రాంతంలో మనుషుల అలికిడి ఉండకూడదన్నది దాని వెనక తర్కం. మరి అదే అడవిలో శివతరాయి వైపునుంచి సఫారీ జిప్సీలు పోతున్నాయి. తరతరాలుగా ఉన్నవాడు పులికి అడ్డం, కెమెరా పట్టుకుని వచ్చేవాడు అడ్డం కాదు. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(2), వన్యప్రాణి చట్టం 38వి తరలింపుకు గ్రామసభ సమ్మతి ఉండాలంటాయి. ఆ సమ్మతి ఎలా తీసుకుంటారన్నది ఏ సఫారీ గైడూ చెప్పడు, మనమూ అడగం. మనం చూసేది పచ్చబొట్టు. ఆవిడకు ఆ నేల మీద కాగితం ఉందా లేదా అన్నది ఫొటోలో పడదు.

ఇంకా చాలా పడదు. 2014 నవంబరులో బిలాస్‌పూర్ జిల్లాలో కుటుంబ నియంత్రణ శిబిరాల్లో ఆపరేషన్లు చేయించుకున్న ఆడవాళ్ళలో పదిమందికి పైగా చనిపోయారు, దేశమంతా గగ్గోలు పుట్టింది. చనిపోయినవాళ్ళలో ఒక బైగా మహిళ ఉంది. బైగాలకు ఆ ఆపరేషన్లు చేయకూడదని 1979లోనే అప్పటి మధ్యప్రదేశ్ ప్రభుత్వ ఉత్తర్వు ఉంది. సంఖ్య తగ్గిపోతుందని వాళ్ళను కాపాడ్డానికి ఉత్తర్వు, అదే మనిషి శిబిరం బల్ల మీదికి ఎలా వచ్చిందో జవాబు లేదు. కాపాడ్డానికీ ఆమెను అడగలేదు, కొయ్యడానికీ సరిగ్గా అడగలేదు. కొందరు బైగా ఆడవాళ్ళు ఆ నిషేధాన్నే ప్రశ్నించారు, ఎంతమంది పిల్లలన్నది మా ఇష్టం కదా అని. ఒకరోజు టూరు వేసినవాడికి ఈ పీటముడి అర్థం కాదు. నాకూ టూరులో అర్థం కాలేదు, గ్రంథాలయంలో పాత పేపర్లు తిరగేస్తే అర్థమైంది.

రెండో వాదన: చూస్తేనే సానుభూతి పుడుతుంది. ఇది అందంగా ఉంటుంది కనుక అందరూ రాస్తారు. అండమాన్ ట్రంకు రోడ్డు మీద దశాబ్దాలుగా జరావాలను చూసినవాళ్ళు లక్షల్లో ఉంటారు. 2012 జనవరిలో బయటికొచ్చిన వీడియోలో ఏముంది? తిండి ఆశ చూపి జరావా ఆడవాళ్ళను నాట్యం చేయమంటున్న గొంతు. ఆ రోడ్డు మూయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది, మూతపడలేదు. 2013 జనవరిలో పర్యాటకులను ఆపుతూ ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు కూడా ఆ ఏడాదే సడలింది. చూడగానే సానుభూతి పుట్టేదైతే ఆ రోడ్డు మీద ఈపాటికి అడవంత మొలవాలి.

దీనికి ఎదురుగా గట్టి అభ్యంతరం ఒకటుంది, మీలో ఒకరు బాగా రాశారు కూడా: ఎవరూ వెళ్ళకూడదంటే వాళ్ళను మ్యూజియంలో పెట్టినట్టు కాదా? నిజమే, ఈ తగవు పాతదే, మా మైకల్ కొండల్లోనే పుట్టింది. 1932లో వెరియర్ ఎల్విన్ ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాడు. 1939లో బైగాల మీద పుస్తకం వేశాడు, అందులో వాళ్ళకు ఒక రకమైన నేషనల్ పార్కు ఉండాలన్నాడు. అప్పటికే బ్రిటిషువాళ్ళు వాళ్ళ పోడును, ఇక్కడి మాటలో బేవర్‌ను, బైగాచక్ అనే ముక్కకు కుదించేశారు. నాగలి పెట్టడమంటే నేలతల్లి రొమ్ము చీల్చడమని నమ్మేవాళ్ళను నాగలి పట్టమన్నారు. ఎల్విన్ ఆ దెబ్బ చూసి అలా రాశాడు. మనుషులను జంతుప్రదర్శనశాలలో పెడతావా అని విమర్శకులు విరుచుకుపడ్డారు. 1943లో ఘుర్యే మరోవైపునుంచి వాదించాడు, వీళ్ళు వెనకబడిన హిందువులు, కలుపుకోవాలని. తర్వాత నెహ్రూ నమూనాలుగానూ ఉంచొద్దు, ముంచెయ్యనూ వద్దు అన్న మధ్యేమార్గం చెప్పాడు. మనమందరం పంచశీల పేరుతో దాన్ని కంఠతా పట్టాం.

ఈ వరసలో నాకు కనిపించే లోపం ఒక్కటే. తలుపు తీయాలా, మూయాలా అని వాదించినవాళ్ళంతా తలుపుకు బయట నిలబడ్డవాళ్ళే. నేను వద్దంటున్నది వాళ్ళు ఎవరితోనూ కలవకూడదని కాదు. బైగాలు సంతకు వస్తారు, రైలెక్కుతారు, వాళ్ళ పిల్లలు ఫోన్లలో రీల్స్ చూస్తారు, శివతరాయిలో విల్లు పట్టి పోటీలకు వెళ్తారు. కలవడం రోజూ జరుగుతూనే ఉంది. వాళ్ళ ముంగిట్లోకి మనం పిలవకుండా వెళ్ళి నిలబడ్డప్పుడు, వెళ్ళిపొమ్మనే బలం వాళ్ళకు లేకపోవడం గురించి నేను మాట్లాడుతున్నాను. ఆవిడ చాటలో చెయ్యి ఆపి కూర్చుందే, అది ఆతిథ్యం అనుకున్నాను. జీపులో వచ్చేవాళ్ళందరూ ఆవిడకు ఒకటే: ఫారెస్టువాళ్ళు, సర్వేవాళ్ళు, మేము.

బలం వస్తే సంగతి మారుతుంది. 2023 అక్టోబరులో గౌరేలా-పేండ్రా-మర్వాహీ జిల్లాలో 19 బైగా గ్రామాలకు ఆవాస హక్కులిచ్చారు, అటవీ హక్కుల చట్టం 3(1)(ఇ) కింద. ఆ కాగితం నిజంగా పనిచేస్తే, ఎవరు రావాలి ఎవరు రాకూడదు అనేది చెప్పడానికి ఆ ఊళ్ళకు కాళ్ళ కింద కొంచెం నేల దొరికినట్టు. బస్తర్‌లో కాంగేర్ లోయ దగ్గర ధుడ్‌మరాస్ అనే ధుర్వా గ్రామం ఉంది. వెదురు తెప్పలు నడిపేది, ఇళ్ళలో బస ఇచ్చేది ఊరివాళ్ళే. 2024లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ గ్రామాల అప్‌గ్రేడ్ కార్యక్రమానికి దాన్ని ఎంపిక చేసింది. అక్కడికి వెళ్తానంటే నేను ఆపను. అరకు సంగతి తీసుకోండి. రిసార్టు పచ్చికలో రాత్రి భోజనాల వేళ ఆడించే ధింసాకు, అదే కొండల్లో గిరిజన రైతులు పండించి 2019లో జీఐ గుర్తింపు తెచ్చుకున్న కాఫీకి ఎంత తేడా! ఇంట్లో కూర్చుని ఆ కాఫీ తాగినవాడు, ధింసాలో చెయ్యి కలిపి సెల్ఫీ దిగినవాడి కంటే వాళ్ళకు ఎక్కువ చేశాడని నా లెక్క. బొర్రా గుహలు చూసొచ్చినవాళ్ళలో ఎంతమందికి 1997 సమతా తీర్పు ఆ అనంతగిరి నేల గురించేనని తెలుసు? మన బ్యాచ్‌లోనే సగంమందికి తెలియదు, తీర్పు పేరు మాత్రం అందరికీ వచ్చు.

"మరి ప్రభుదత్త ఖేరా కూడా చూడ్డానికే వచ్చాడు కదా" అని అడుగుతారు, బిలాస్‌పూర్‌వాళ్ళు తప్పక అడుగుతారు. దిల్లీ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన మనిషి. అచానక్‌మార్ చూడ్డానికి వచ్చి, తర్వాత లమ్నీలో ఒక గుడిసెలో మూడు దశాబ్దాలు ఉండిపోయాడు. ఛపర్వాలో బడి నడిపాడు, పింఛను డబ్బు పిల్లల మీద ఖర్చుపెట్టాడు. 2019లో తొంభై దాటిన వయసులో పోయాడు. గనియారీలో జన్ స్వాస్థ్య సహయోగ్ పెట్టిన డాక్టర్లు కూడా దిల్లీ ఎయిమ్స్‌లో చదివి వచ్చినవాళ్ళే. వీళ్ళను చూపించి పర్యాటకాన్ని సమర్థించడం, ఈతగాడిని చూపించి వరద మంచిదనడం లాంటిది. వాళ్ళు ఉండిపోయారు. ఉండిపోయినవాడిని ఊరు నిలదీయగలదు, తిట్టగలదు, బాకీ అడగగలదు. మధ్యాహ్నం నాలుగింటికి బండెక్కిపోయే నన్ను ఎవరు నిలదీస్తారు?

ఇంతకీ ఇదంతా మనకెందుకంటారా. మనలో కొందరైనా రేపు ఆ ఊళ్ళకు వెళ్తారు, బొలెరోలో కాదు, బత్తీ లేకపోయినా భయపెట్టే బండిలో. ముస్సోరీ శిక్షణలో భారత్ దర్శన్ ఉంటుంది, తర్వాత జిల్లా శిక్షణ, తర్వాత 'ఫీల్డు విజిట్లు'. పూలదండ, నాట్యబృందం, నేల మీద ఆకులో భోజనం, ఫొటో. పీఎం-జన్‌మన్ 2023 నవంబరులో మొదలయ్యాక పీవీటీజీ ఊళ్ళకు అధికారుల బండ్లు పెరిగాయి. అది మంచిదే, ఇళ్ళు, రోడ్లు కావాలి. కానీ ఇప్పుడు టూరిస్టుగా అలవాటైన చూపే అప్పుడు కళ్ళద్దాల్లా ముఖానికి అతుక్కుంటుంది. ఊరు బాగుంది, మనుషులు అమాయకులు, నాట్యం అద్భుతం అని టూర్ నోట్ రాసి సంతకం పెడతాం. పట్టా కాగితం సంగతి తహసీల్దారును అడగమంటాం. నాకు భయం వేసేది ఇందుకే. నేను సెలెక్టయితే ఆ ముసలావిడ మళ్ళీ చాటలో చెయ్యి ఆపి కూర్చుంటుంది, నేను మళ్ళీ దాన్ని గౌరవం అనుకుంటాను.

"అయితే ఇంట్లో కూర్చోవాలా" అంటే, అక్కర్లేదు. కోటాలో సంతకు వెళ్ళండి. అక్కడ వాళ్ళు తమ పనిమీద తమంతట వస్తారు, మీకు అమ్ముతారు, మిమ్మల్ని చూసి నవ్వుకుంటారు కూడా. సామలో, తేనో కొనండి. బేరం మరీ ఆడకండి. ఎవరైనా ఇంటికి రమ్మంటే వెళ్ళండి, కెమెరా బ్యాగులో పెట్టుకుని.

నా కొత్త డీఏఎఫ్‌లో ఆ హాబీ తీసేశాను, క్యారమ్స్ అని రాశాను. కాలనీ క్లబ్బులో నాకు నిజంగా వచ్చిన ఆట అదొక్కటే. బోర్డు అడిగితే ఏం చెప్పాలో అప్పుడు చూసుకుందాం. ఈ అంశం మీద వ్యాసాలు వచ్చే ఆదివారంలోపు తిరగరాసి పంపండి. నాతో విభేదించినా ఫర్వాలేదు, 'బాధ్యతాయుత' అన్న మాట వాడినచోటల్లా ఎవరికి బాధ్యత అన్నది పేరు పెట్టి రాయండి.